స్పీకరు అడిగేదెంత, యాంప్లిఫయరు ఇవ్వగలిగేదెంత

ఇంట్లో సంగీతం వినడానికి ఖరీదైన సాలిడ్ స్టేట్ (అంటే వాల్వులు కాక ట్రాన్సిస్టర్లతో పనిచేసే) యాంప్లిఫయరు కొనాలనుకునేవారిలో ఎక్కువమంది వెతుకులాటను యాంప్లిఫయరుతోనే మొదలుపెడతారు. ఏ కంపెనీది, ఎన్ని వాట్లు, ఏ క్లాసు, ఎంత బరువు అన్న ప్రశ్నలు ముందు వస్తాయి. అది ఏ స్పీకర్లను నడపాలి, ఎంత గదిలో, ఎంత దూరంలో కూర్చుని వినేవారి కోసం నడపాలి అన్న ప్రశ్నలు ఆఖరున వస్తాయి. ఈ వరుసను తిరగేస్తే తప్ప ఎంపిక కుదురుగా సాగదు. మూలం నుంచి వచ్చే చిన్న వోల్టేజీని పెద్దది చేసి, స్పీకరు ఎంత కరెంటు లాగితే అంతా ఆ వోల్టేజీ చెదరకుండా అందించడమే యాంప్లిఫయరు పని. ఆ కరెంటు ఎంతో నిర్ణయించేది స్పీకరు. అందువల్ల లక్షలు పోసి కొనే ఈ పరికరం విషయంలో అన్నిటికంటే ముందు చూడవలసింది స్పీకరు ఇంపెడెన్స్ గ్రాఫు, అంటే కరెంటుకు స్పీకరు చూపే అడ్డు ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఎన్ని ఓమ్‌లో చూపే గీత.

నిజంగా ఉన్న ఒక స్పీకరును తీసుకుంటే లెక్క స్పష్టంగా తెలుస్తుంది. బ్రిటన్‌కు చెందిన కెఫ్ సంస్థ 2012లో విడుదల చేసిన ఎల్‌ఎస్50 చిన్న పెట్టె స్పీకరు. దాని సెన్సిటివిటీ 85 డెసిబెళ్లు, అంటే 2.83 వోల్టులు ఇస్తే ఒక మీటరు దూరంలో 85 డెసిబెళ్ల ధ్వని పుడుతుంది. 8 ఓమ్‌ల మీద 2.83 వోల్టులంటే ఒక వాట్. అపార్టుమెంటు హాల్లో రెండున్నర మీటర్ల దూరంలో కూర్చుంటే, ఆరుబయటైతే దూరం వల్ల 8 డెసిబెళ్లు తగ్గాలి. గదిలో గోడలు కొంత ధ్వనిని తిరిగి పంపుతాయి కనుక 5 డెసిబెళ్లే తగ్గాయనుకుందాం. రెండు స్పీకర్లు కలిసి 3 డెసిబెళ్లు చేరుస్తాయి. వెరసి, ఒక్కో స్పీకరుకు ఒక్క వాట్ ఇస్తేనే కుర్చీ దగ్గర 83 డెసిబెళ్లు వినిపిస్తాయి. ఇది మామూలు సంభాషణకంటే బాగా పెద్ద ధ్వని. సగటున 78 డెసిబెళ్ల దగ్గర వినేవారికి వాట్‌లో మూడో వంతు సరిపోతుంది.

అయితే సంగీతం సగటు దగ్గర ఆగదు. తని ఆవర్తనంలో మృదంగం మీద పడే గట్టి దెబ్బ, అణచకుండా రికార్డు చేసినదైతే, సగటుకంటే 20 డెసిబెళ్లు పైకి లేవడం అసాధారణం కాదు. రేడియోలో, ఫోన్లో బిగ్గరగా వినిపించాలని నొక్కిపెట్టి తయారుచేసిన సినిమా పాటల్లో ఈ తేడా దాదాపు సగానికి పడిపోతుంది. 78 మీద 20 కలిపితే 98 డెసిబెళ్లు. ఆ క్షణానికి స్పీకరు దగ్గర సుమారు 16 వోల్టులు, అంటే 8 ఓమ్‌ల లెక్కన 32 వాట్లు కావాలి. ఇదే శ్రోత మరో 7 డెసిబెళ్లు పెంచి, 85 సగటుతో వింటే అవసరం ఐదు రెట్లవుతుంది. 36 వోల్టులు, 160 వాట్లు. వినే స్థాయిలో కొద్దిపాటి తేడా వాట్లలో ఎంత పెద్ద తేడా అవుతుందో తెలిస్తే, 100 వాట్ల యాంప్లిఫయరుకూ 150 వాట్ల యాంప్లిఫయరుకూ మధ్య ఉన్నది 2 డెసిబెళ్ల లోపేనన్న సంగతి కూడా అర్థమవుతుంది. ఆ 2 డెసిబెళ్ల కోసం రెట్టింపు ధర పెట్టే ముందు, 3 డెసిబెళ్లు ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకరు సగం వాట్లతోనే అదే ధ్వని ఇస్తుందని గుర్తుంచుకోవాలి.

వాట్ అన్న మాట మన దగ్గర చాలాకాలం నమ్మదగని మాటగా ఉండిపోయింది. టేప్ రికార్డర్ల కాలంలో పెట్టెల మీద వేల వాట్ల పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి పేరుతో చెప్పే అంకె) అని అచ్చువేసేవారు. ఆ అంకెకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. అమెరికాలో ఇలాంటి ప్రచారాన్ని అరికట్టడానికే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో నిబంధన తెచ్చి, నిరంతరం ఇవ్వగల శక్తిని ఏ ఫ్రీక్వెన్సీల మధ్య, ఎంత డిస్టార్షన్‌తో (అంటే సంకేతం రూపు ఎంత చెడిందో), ఎన్ని ఓమ్‌ల మీద కొలిచారో చెప్పి తీరాలంది. ఖరీదైన యాంప్లిఫయర్ల కంపెనీలు ఈ వివరాలు సాధారణంగా ఇస్తాయి. ఇవ్వని కంపెనీని పక్కన పెట్టడంలో నష్టమేమీ లేదు.

అసలు కష్టం ఓమ్‌ల దగ్గర ఉంది. ఎల్‌ఎస్50 మీద 8 ఓమ్‌లని రాసి ఉన్నా, కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర దాని ఇంపెడెన్స్ 3.2 ఓమ్‌లకు దిగుతుందని తయారీదారే చెబుతున్నారు. పైన చెప్పిన 16 వోల్టుల క్షణంలో వోల్టేజీ శిఖరం 22 వోల్టులు దాటుతుంది. అది 3.2 ఓమ్‌ల మీద పడితే 7 ఆంపియర్లు. గట్టిగా వినేవారి 36 వోల్టుల క్షణంలోనైతే దాదాపు 16 ఆంపియర్లు. 8 ఓమ్‌లనే అనుకుని లెక్క వేస్తే ఇందులో సగం కూడా రాదు. పెద్ద ఫ్లోర్‌స్టాండింగ్ స్పీకర్లలో రెండు మూడు బాస్ డ్రైవర్లను సమాంతరంగా (ప్యారలల్‌గా) కలుపుతారు కనుక ఇంపెడెన్స్ 3 ఓమ్‌ల దగ్గర, అదీ సంగీతపు బలమంతా ఉండే కింది స్థాయి ఫ్రీక్వెన్సీల్లో, తిష్ఠ వేయడం మామూలే.

దీనికి తోడు ఫేజ్ అనే మరో సంగతి ఉంది. శ్రోతలకు దీన్ని గురించి చెప్పేవారు తక్కువ. స్పీకరులో కాయిల్, ఫ్రీక్వెన్సీలను డ్రైవర్ల మధ్య పంచే క్రాసోవర్ సర్క్యూటులోని కెపాసిటర్లు ఉంటాయి కాబట్టి అది ఒట్టి రెసిస్టరులా ప్రవర్తించదు. వోల్టేజీ శిఖరం ఒక క్షణాన, కరెంటు శిఖరం మరో క్షణాన వస్తాయి. ఒట్టి రెసిస్టరు మీద కరెంటు గరిష్ఠంగా ఉన్నప్పుడు ఔట్‌పుట్ ట్రాన్సిస్టరు మీద మిగిలే వోల్టేజీ తక్కువ, కాబట్టి అది సుఖంగా ఉంటుంది. ఫేజ్ 45 డిగ్రీలు జరిగితే, ట్రాన్సిస్టరు మీద ఇంకా చాలా వోల్టేజీ నిలిచి ఉండగానే పెద్ద కరెంటు దాని గుండా పోవాలి. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వచ్చేది వేడి. అందువల్ల ఇంపెడెన్స్ 4 ఓమ్‌లే ఉన్నా, ఫేజ్ చెడ్డగా ఉన్నచోట ట్రాన్సిస్టర్లు 2 ఓమ్‌ల రెసిస్టరును నడిపినంత శ్రమపడతాయి. చవక యాంప్లిఫయర్లలో ఇలాంటి సమయంలో రక్షణ సర్క్యూటు అడ్డుపడి ధ్వనిని కత్తిరిస్తుంది. ఖరీదైన యాంప్లిఫయరులో ఒక్కో చానెల్‌కు నాలుగైదు జతల ట్రాన్సిస్టర్లు పెట్టి, భారాన్ని వాటి మధ్య పంచుతారు. పెద్ద డబ్బు న్యాయంగా ఖర్చయ్యే చోటు ఇదే. ఇంపెడెన్స్, ఫేజ్ రెండూ కలిపి కొలిచిన గ్రాఫు ప్రచురించే పరీక్షలు ఎన్నో స్పీకర్లకు దొరుకుతాయి. కొనేవారు ఒక గంట కేటాయించి తమ స్పీకరు గ్రాఫును చూడగలిగితే, నెలల తరబడి సమీక్షలు చదివినా తెలియనిది తెలుస్తుంది.

ఓమ్‌లు సగమైతే వాట్లు రెట్టింపు కావాలన్న సూత్రం ఇక్కడి నుంచే పుట్టింది. 28.3 వోల్టులు చెదరకుండా నిలబెట్టగల యాంప్లిఫయరు 8 ఓమ్‌ల మీద 100, నాలుగు మీద 200, రెండు మీద 400 వాట్లు ఇస్తుంది. 1977 నాటి మార్క్ లెవిన్సన్ ఎంఎల్-2 అనే మోనో యాంప్లిఫయరు 8 ఓమ్‌ల మీద 25 వాట్లే ఇచ్చినా, 4 ఓమ్‌ల మీద 50, రెండు మీద 100 ఇచ్చేది. డాన్ డాగోస్టినో 1980లో ప్రారంభించిన క్రెల్ సంస్థ పేరు తెచ్చుకున్నది కూడా ఇలాంటి బలంతోనే. ఆ దశకంలో వచ్చిన అపోజీ సింటిలా అనే రిబ్బన్ స్పీకరు ఇంపెడెన్స్ ఒక్క ఓమ్ దగ్గర ఉండేది, దాన్ని నడపడం అప్పటి యాంప్లిఫయర్లకు పరీక్షగా నిలిచింది. ఐతే ఈ రెట్టింపు అంకెలను చూసి వెంటనే మురిసిపోనక్కర్లేదు. ఏ యాంప్లిఫయరులోనైనా కరెంటు పెరిగేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్లో, రెక్టిఫయర్లో, ట్రాన్సిస్టర్లలో కొంత వోల్టేజీ పోక తప్పదు. అంకెలు కచ్చితంగా రెట్టింపు అవుతున్నాయంటే 8 ఓమ్‌ల అంకెను నిజంగా ఇవ్వగలిగినదానికంటే తగ్గించి రాశారని అర్థం. అందులో తప్పేమీ లేదు, కాని 8 ఓమ్‌ల మీద 150, 4 ఓమ్‌ల మీద 250 వాట్లు అని నిజాయితీగా రాసిన యాంప్లిఫయరు దానికంటే బలహీనమని అనుకోకూడదు. చూడవలసింది తమ స్పీకరు దిగే కనిష్ఠ ఓమ్‌ల దగ్గర తమకు కావలసిన వోల్టేజీ నిలుస్తుందా లేదా అన్నదే.

మొదటి వాట్ సంగతి

ఇంతవరకు చెప్పినదంతా గరిష్ఠ స్థాయి గురించి. కాని లెక్క చూపినట్టుగా, సంగీతంలో ఎక్కువ సమయం వాట్‌లో మూడో వంతు దగ్గరే గడుస్తుంది. తంబురా నాదం, గాయకుడు స్వరం తీసి మెల్లగా వదిలే చివర, వీణ తీగ మోగి ఆరిపోయే క్షణం, హాలులోని ప్రతిధ్వని అన్నీ అంతకంటే ఇంకా కింద, మిల్లీవాట్లలో ఉంటాయి. 100 వాట్ల దగ్గర 0.01 శాతం డిస్టార్షన్ అని రాసిన యాంప్లిఫయరు పదో వంతు వాట్ దగ్గర ఎలా ఉంటుందో ఆ అంకె చెప్పదు.

దీనికి కారణం ఔట్‌పుట్ దశ పనిచేసే తీరు. తరంగపు పై సగాన్ని ఒక ట్రాన్సిస్టరు, కింది సగాన్ని మరొకటి మోస్తాయి. ఒకదాని నుంచి మరొకదానికి భారం మారే చోట, సున్నా దగ్గర, చిన్న మెట్టు ఏర్పడుతుంది. క్రాసోవర్ డిస్టార్షన్ అంటే ఇదే, స్పీకరులోని క్రాసోవర్‌తో దీనికి సంబంధం లేదు. ధ్వని పెద్దదైనప్పుడు ఆ మెట్టు తరంగంలో చిన్న భాగం. ధ్వని చిన్నదయ్యేకొద్దీ అది తరంగంలో పెద్ద భాగమవుతుంది. చెవి ఇష్టపడని పైస్థాయి హార్మోనిక్‌లు, అంటే అసలు స్వరానికి ఎన్నో రెట్ల ఫ్రీక్వెన్సీలో పుట్టే అదనపు స్వరాలు, అందులో ఎక్కువ. ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లు తొలినాళ్లలో కర్కశమన్న పేరు తెచ్చుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. దీనికి మందు బయాస్, అంటే సంగీతం లేనప్పుడు కూడా రెండు ట్రాన్సిస్టర్ల గుండా కొంత కరెంటును పారనివ్వడం. ఇలా కొద్దిపాటి బయాస్‌తో నడిచే దశను క్లాస్ ఏబీ అంటారు. సాధారణ బైపోలార్ ట్రాన్సిస్టర్ల క్లాస్ ఏబీ దశలో, ట్రాన్సిస్టరుకు వరుసలో ఉండే ఎమిటర్ రెసిస్టరు మీద 26 మిల్లీవోల్టుల దగ్గర ఈ మెట్టు అన్నిటికంటే చదునుగా ఉంటుందని హ్యూలెట్ ప్యాకార్డ్ ఇంజనీరు బార్నీ ఆలివర్ 1971లో చూపించారు. బయాస్ తక్కువైనా ఎక్కువైనా నష్టమే. దాన్ని వేడితో మారకుండా కుదురుగా నిలపడంలోనే మంచి డిజైను తెలుస్తుంది.

బయాస్‌ను బాగా పెంచి, మెట్టన్నదే రాకుండా చేస్తే అది క్లాస్ ఏ. వినడానికి సరళమైన పరిష్కారం, వేడి దృష్ట్యా అత్యంత ఖరీదైనది. 8 ఓమ్‌ల మీద 25 వాట్లంటే శిఖరం వద్ద 20 వోల్టులు, రెండున్నర ఆంపియర్లు. ఇలా రెండు ట్రాన్సిస్టర్లు భారాన్ని పంచుకునే పుష్-పుల్ దశలో అందులో సగం, 1.25 ఆంపియర్లు, ఎప్పుడూ పారుతూ ఉండాలి. సరఫరా ఇరువైపులా 25 వోల్టులైతే ఒక చానెల్ 62 వాట్లకు పైగా, రెండూ కలిపి 125 వాట్లు, ఒక్క స్వరం పలకకుండానే వేడిగా పోతాయి. ఇదే 100 వాట్ల క్లాస్ ఏ స్టీరియో అయితే 450 వాట్ల దాకా ఖాళీగా ఖర్చవుతుంది. రోజుకు నాలుగు గంటలు వింటే నెలకు 54 యూనిట్లు. మరొక చిక్కు ఏమిటంటే, 8 ఓమ్‌ల మీద 25 వాట్ల వరకు క్లాస్ ఏలో ఉన్న యాంప్లిఫయరు 4 ఓమ్‌ల మీద 12 వాట్ల దాకానే క్లాస్ ఏలో ఉంటుంది. కరెంటు హద్దు మారదు, ఓమ్‌లు సగమయ్యాయి. తక్కువ ఇంపెడెన్స్ స్పీకర్ల యజమానులు క్లాస్ ఏ అన్న మాటకు రెట్టింపు డబ్బు పెట్టి, వారికి తెలియకుండానే క్లాస్ ఏబీ యాంప్లిఫయరును నడుపుతుంటారు.

విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గది 40 డిగ్రీలు ఉన్నప్పుడు, చల్లని దేశాల గదులను దృష్టిలో పెట్టుకుని చేసిన హీట్‌సింక్ (ట్రాన్సిస్టర్ల వేడిని గాలికి వదిలే లోహపు రెక్కలు) తన సహజమైన 25, 30 డిగ్రీల పెరుగుదలను అక్కడి నుంచి మొదలుపెడుతుంది. తాకి చేయి ఉంచలేని వేడి అది. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు దాదాపు సగానికి తగ్గుతుందన్నది ఇంజనీర్లు వాడే లెక్క. ఏసీ వేస్తే ఆ 450 వాట్లను బయటికి తోయడానికి ఏసీ మరికొంత కరెంటు తాగుతుంది. కోస్తా జిల్లాల్లో, తెలంగాణలో క్లాస్ ఏను ఎంచుకోదలచినవారు తక్కువ వాట్ల యాంప్లిఫయరును, దానికి తగ్గ ఎక్కువ సెన్సిటివిటీ స్పీకరును, చుట్టూ గాలి ఆడే ఖాళీ స్థలాన్ని కలిపి ఆలోచించాలి. మూసిన టీవీ యూనిట్ అరలో అలాంటి యాంప్లిఫయరును పెట్టడం దాన్ని చేతులారా పాడుచేయడమే. మిగిలినవారికి, బయాస్ కుదురుగా ఉన్న క్లాస్ ఏబీ యాంప్లిఫయరే మేలైన దారి.

వేడికి పూర్తిగా వేరే జవాబు క్లాస్ డి. ఇందులో ట్రాన్సిస్టరు పూర్తిగా తెరిచి గాని పూర్తిగా మూసి గాని ఉంటుంది, సెకనుకు లక్షలసార్లు మారుతుంది. చివరన ఉన్న ఫిల్టరు ఆ మార్పులను చదును చేసి సంగీతాన్ని మిగులుస్తుంది. పాత డిజైన్లలో ఆ ఫిల్టరు స్పీకరును బట్టి తన పై స్థాయి స్పందనను మార్చుకునేది, అందుకే ఒకే యాంప్లిఫయరు ఒక ఇంట్లో మొద్దుబారినట్టు, మరో ఇంట్లో గరుకుగా వినిపించేది. ఫీడ్‌బ్యాక్‌ను, అంటే తప్పును సరిదిద్దడానికి ఔట్‌పుట్ నుంచి వెనక్కి పంపే సంకేతాన్ని, ఫిల్టరు తర్వాతి నుంచి తీసుకోవడంతో ఈ దోషం పోయింది. బెల్జియం ఇంజనీరు బ్రూనో పుట్జీస్ ముందు ఫిలిప్స్‌లో, తర్వాత హైపెక్స్ సంస్థలో ఎన్‌కోర్ పేరుతో, ఆ తర్వాత డెన్మార్క్‌లోని ప్యూరిఫై సంస్థలో ఐగెన్‌టాక్ట్ పేరుతో దీన్ని ఎంత దూరం తీసుకెళ్లారంటే, ఈ మాడ్యూళ్ల డిస్టార్షన్ ఎన్నో ఖరీదైన క్లాస్ ఏబీ యాంప్లిఫయర్లకంటే తక్కువగా కొలతకు వస్తుంది. క్లాస్ డి అంటే పార్టీ స్పీకర్ల వ్యవహారమన్న చిన్నచూపు ఇప్పుడు చెల్లదు. ఐతే ఈ మాడ్యూళ్లనే కొని, అందమైన అల్యూమినియం పెట్టెలో బిగించి, మూలం ధరకు ఎన్నో రెట్లు చెప్పే ఉత్పత్తులు కూడా ఉన్నాయి. లోపల ఏ మాడ్యూలుందో అడిగి తెలుసుకోవడం కొనేవారి హక్కు.

క్లాస్ అన్న అక్షరం కంటే దాన్ని సాధించిన తీరు ముఖ్యమనడానికి మరో రెండు సాక్ష్యాలున్నాయి. పీటర్ వాకర్ స్థాపించిన క్వాడ్ సంస్థ 1975లో తెచ్చిన 405 యాంప్లిఫయరులో ఒక చిన్న నాణ్యమైన యాంప్లిఫయరు, బయాస్ అక్కర్లేని పెద్ద ట్రాన్సిస్టర్ల తప్పులను సరిదిద్దుతూ ఉంటుంది. ఈ కాలపు బెంచ్‌మార్క్ ఏహెచ్‌బీ2లో తప్పును ముందుగానే లెక్కకట్టి ఔట్‌పుట్ దగ్గర చెల్లువేసే ఫీడ్‌ఫార్వర్డ్ పద్ధతి ఉంది. ఒక చేత్తో ఎత్తగల ఆ పెట్టె 8 ఓమ్‌ల మీద 100 వాట్లిస్తూ, కొలతల్లో అత్యంత నిశ్శబ్దమైన యాంప్లిఫయర్లలో ఒకటిగా నిలిచింది. బరువును చూసి నాణ్యతను అంచనా వేసే అలవాటుకు ఇది గట్టి జవాబు.

ఫీడ్‌బ్యాక్ గురించి ఒక భయం కూడా శ్రోతల్లో పాతుకుపోయింది. ఫిన్లాండ్ ఇంజనీరు మట్టి ఓటాలా 1970లో ప్రచురించిన పరిశోధన, నెమ్మదైన యాంప్లిఫయరులో ఎక్కువ ఫీడ్‌బ్యాక్ పెడితే వేగంగా మారే సంకేతాల దగ్గర లోపలి దశ ఉక్కిరిబిక్కిరి అవుతుందని చూపింది. ఆయన చెప్పినది నిజం, కాని దాని సారం వేగానికి సంబంధించినది. 100 వాట్ల యాంప్లిఫయరు 20 కిలోహెర్ట్జ్‌ను పూర్తి స్థాయిలో ఇవ్వాలంటే మైక్రోసెకనుకు 5 వోల్టుల వేగం చాలు. ఈనాటి మంచి డిజైన్లు దానికి కొన్ని రెట్లు ఎక్కువ వేగంతో ఉంటాయి. ఫీడ్‌బ్యాక్ లేదని గొప్పగా చెప్పుకునే యాంప్లిఫయరుకు అందువల్ల ప్రత్యేకమైన విలువేమీ రాదు.

నిశ్శబ్దం, గెయిన్, తీగలు

అధిక సెన్సిటివిటీ స్పీకర్లున్నవారికి, రాత్రివేళ మెల్లగా వినేవారికి శక్తికంటే నిశ్శబ్దం ముఖ్యం. సంకేతానికీ రొదకూ మధ్య తేడాను చెప్పే సిగ్నల్-నాయిస్ నిష్పత్తిని కంపెనీలు పూర్తి శక్తి దగ్గర చెబుతాయి. 100 వాట్ల యాంప్లిఫయరుకు 110 డెసిబెళ్లని రాసి ఉంటే, ఒక వాట్ దగ్గర అది 90. ట్వీటరుకు (పైస్థాయి స్వరాలు పలికే డ్రైవరుకు) చెవి దగ్గరగా పెడితే వినిపించే సన్నని రొద ఇదే. దీనికి సగం కారణం గెయిన్, అంటే యాంప్లిఫయరు సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది. ఈ కాలపు డాక్‌లు (డిజిటల్ సంగీతాన్ని వోల్టేజీగా మార్చే పరికరాలు) మామూలు సాకెట్ల నుంచి 2 వోల్టులు, బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి 4 వోల్టులు ఇస్తాయి. యాంప్లిఫయరు గెయిన్ 26 డెసిబెళ్లు, అంటే 20 రెట్లు అయితే, 2 వోల్టులే 40 వోల్టులై 200 వాట్లవుతాయి. అంత సంకేతం ఉన్నచోట మళ్లీ పెంచే ప్రీయాంప్లిఫయరును మధ్యలో పెట్టడం వల్ల పెరిగేది రొద మాత్రమే. మంచి వాల్యూమ్ నియంత్రణ, ఇన్‌పుట్‌లు మార్చుకునే వీలు కావాలంటే దానికోసం కొనాలి. లేదా అన్నీ ఒకే పెట్టెలో ఉన్న ఇంటిగ్రేటెడ్‌ను ఎంచుకుంటే మధ్య తీగల బెడద, అనవసరమైన గెయిన్ రెండూ తగ్గుతాయి.

స్పీకరు కదలికను యాంప్లిఫయరు ఎంత అదుపులో పెడుతుందో చెబుతుందనుకునే డ్యాంపింగ్ ఫ్యాక్టర్ అన్న అంకె మీద పెట్టే మోజు మాత్రం వృథా. 8 ఓమ్‌లను యాంప్లిఫయరు ఔట్‌పుట్ ఇంపెడెన్స్‌తో భాగిస్తే వచ్చేది అది. 1000 అంటే 0.008 ఓమ్. కాని 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మూడు మీటర్లు వేస్తే, పోనూ రానూ 0.04 ఓమ్ అవుతుంది. స్పీకరు కాయిల్ తీగకే ఎన్నో ఓమ్‌ల నిరోధం ఉంటుంది. వందకు పైన ఉన్న డ్యాంపింగ్ ఫ్యాక్టర్ల మధ్య పోటీ కాగితం మీదే జరుగుతుంది.

కరెంటు సరఫరా విషయానికి వస్తే, మన 230 వోల్టులు పది శాతం పడిపోయినప్పుడు సాధారణ ట్రాన్స్‌ఫార్మరు యాంప్లిఫయరు గరిష్ఠ శక్తి 81 శాతానికి దిగుతుంది. అది డెసిబెల్‌కు తక్కువే, చెవికి తెలియదు. కాబట్టి వోల్టేజీ మరీ విపరీతంగా ఆడని చోట స్టెబిలైజరు అవసరం లేదు. ఉన్నచోట రిలేలతో టకటకా మారేదానికంటే సర్వో రకం నయం. ఎర్తింగ్ విషయంలో మాత్రం రాజీ పడకూడదు. మూడో పిన్ను పేరుకే ఉండి, గోడ లోపల దేనికీ కలవని ఇళ్లు మనకు కొత్త కాదు. లోహపు పెట్టె ఉన్న యాంప్లిఫయరుకు ఆ పిన్ను ప్రాణరక్షణ. సెట్‌టాప్ బాక్స్ కేబుల్ వల్ల స్పీకర్లలో గుయ్యిమని శబ్దం వస్తుంటే దానికి ఎర్త్ పిన్నును తీసేసి మందు వేయడం అత్యంత ప్రమాదకరం. కేబుల్ వైపు ఐసొలేటరు పెట్టడం, వీలైతే బ్యాలెన్స్‌డ్ తీగలు వాడడం సరైన దారి.

అమెరికా నుంచి తిరిగి వచ్చే తెలుగు కుటుంబాల సామానులో యాంప్లిఫయరు రావడం ఇప్పుడు సాధారణమైంది. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కోసం చేసినదాన్ని ఇక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టి నడపవచ్చనుకుంటారు. వోల్టేజీ సరిపోతుంది, ఫ్రీక్వెన్సీ మారదు. ట్రాన్స్‌ఫార్మరు కోర్‌లోని ఫ్లక్స్ వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో భాగించినదాన్ని బట్టి ఉంటుంది కనుక, 50 హెర్ట్జ్ దగ్గర అది 20 శాతం ఎక్కువవుతుంది. వెనుక పలకం మీద 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఆ భారానికి తగ్గట్టు చేశారని అర్థం. 60 అని మాత్రమే ఉంటే కోర్ సంతృప్తమై వేడెక్కడం, గొణగడం ఖాయం. స్విచ్ మోడ్ సరఫరా ఉన్న, 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకునే యాంప్లిఫయర్లకు ఈ బాధ లేదు. స్టెప్‌డౌన్‌ను కొనేటప్పుడు యాంప్లిఫయరు గరిష్ఠ వినియోగానికి ఒకటిన్నర రెట్లైనా సామర్థ్యం ఉన్నది తీసుకోవాలి.

వినడం, కొనడం

ఇన్ని లెక్కల తర్వాత కూడా చెవితో విని నిర్ణయించాలనుకోవడం సహజమే, అవసరమే. కాని షోరూములో ఒకటి తర్వాత ఒకటి వినిపించినప్పుడు గెలిచేది చాలావరకు కొంచెం బిగ్గరగా ఉన్నది. అర డెసిబెల్ తేడా బిగ్గరగా కాక, స్పష్టంగా, నిండుగా వినిపిస్తుంది. పోల్చే ముందు రెండింటి స్థాయిని 0.1 డెసిబెల్ లోపల, అంటే స్పీకరు టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ ఒక శాతం తేడాలో, సమానం చేయాలి. చవక మల్టీమీటర్లు 50 హెర్ట్జ్ చుట్టుపక్కలే సరిగా కొలుస్తాయి కనుక 100 హెర్ట్జ్ లోపు స్వరాన్ని మోగించి కొలవడం మేలు. ఏది మోగుతోందో వినేవారికి తెలియకుండా మార్చగలిగితే ఇంకా మంచిది. అమెరికా డిజైనరు బాబ్ కార్వర్ 1985లో స్టీరియోఫైల్ పత్రిక సంపాదకుల సవాలును స్వీకరించి, వారు ఎంచుకున్న ఖరీదైన వాల్వ్ యాంప్లిఫయరు ఔట్‌పుట్‌కూ తన ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు ఔట్‌పుట్‌కూ మధ్య తేడాను కొలుస్తూ, తనదాన్ని సవరిస్తూ పోయారు. చివరికి సంపాదకులే రెండింటినీ వేరుచేసి చెప్పలేకపోయారు. యాంప్లిఫయర్లకు స్వభావాలు ఉండవని దీని అర్థం కాదు. ఆ స్వభావం కొలవగలిగిన కారణాల నుంచే పుడుతుందని, ధర పట్టీ నుంచి పుట్టదని అర్థం.

కాబట్టి ఒక స్థాయి దాటాక డబ్బు కొనిపెట్టేది ఏమిటో తెలిసి ఖర్చుపెట్టాలి. కష్టమైన స్పీకరుకు కరెంటు, మొదటి వాట్ దగ్గర శుభ్రత, నిశ్శబ్దం, చల్లగా నడిచే హీట్‌సింక్, ఇరవై ఏళ్ల తర్వాత కూడా దొరికే విడిభాగాలు, ఇవి న్యాయమైన విలువలు. తీర్చిదిద్దిన ముఖపలక, చేతికి హాయిగా తిరిగే నాబ్ కూడా కొందరికి విలువైనవే, అవి ఇచ్చే ఆనందాన్ని కాదనడానికి లేదు. వాటికి ధ్వని పేరు పెట్టి డబ్బు అడిగినప్పుడే ఒప్పుకోకూడదు.

వీటన్నిటిలోనూ మన దేశంలో అందరూ తక్కువగా పట్టించుకునేది మరమ్మతు. 45 కిలోల యాంప్లిఫయరు పాడైతే దాన్ని ఏ ఊరికి, ఏ పెట్టెలో పంపాలి, విడిభాగం ఎక్కడి నుంచి ఎన్నాళ్లకు వస్తుంది, సర్క్యూటు డయాగ్రాన్ని కంపెనీ సాంకేతిక నిపుణులకు ఇస్తుందా అన్నవి కొనకముందే రాతపూర్వకంగా అడగాలి. సాధారణంగా దొరికే ట్రాన్సిస్టర్లతో, తెరవడానికి వీలైన పెట్టెతో చేసినదాన్ని హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్న మంచి మెకానిక్ బాగుచేయగలడు. చుట్టూ రెసిన్ పోసి మూసేసిన మాడ్యూలును ఎవరూ బాగుచేయలేరు, మార్చాల్సిందే.

పాతదాన్ని కొనేవారు, ఇది డబ్బుకు అత్యుత్తమమైన దారి కూడా, స్పీకర్లు కలపకముందే మల్టీమీటరుతో కొన్ని పరీక్షలు చేయాలి. ఇన్‌పుట్‌లో ఏమీ లేకుండా ఆన్ చేసి, స్పీకరు టెర్మినళ్ల మధ్య డీసీ కొలిస్తే 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. వందలు దాటితే బేరం ఆపేయాలి. ఆన్ చేసిన కొన్ని సెకన్లకు రక్షణ రిలే టక్కుమని మూసుకోవాలి. గంటసేపు నడిచాక రెండు వైపుల హీట్‌సింకులు సమానంగా వెచ్చగా ఉండాలి. ఒకటి కాలిపోతూ, రెండోది చల్లగా ఉంటే బయాస్ తప్పింది, లేదా ఎవరో ఒక వైపు ట్రాన్సిస్టర్లను జత కలపకుండా మార్చారు. మూత తీయనిస్తే పెద్ద కెపాసిటర్ల తల చదునుగా ఉందో ఉబ్బిందో చూడాలి. ఇరవై ఐదేళ్లు దాటిన యాంప్లిఫయరైతే వాటిని మార్చే ఖర్చును అడిగిన ధరలోంచి తీసేసే బేరమాడాలి.